గుమ్మం బయట చెప్పులు

నన్ను ఇంగ్లండుకు పంపేముందు మా హెడ్మాస్టరు గారు కూర్చోబెట్టి చెప్పిన మాటల్లో పాఠాల గురించి ఒక్క ముక్క లేదు. "మేడమ్ గారూ, వాళ్ళ బడిలో వాడేసిన కంప్యూటర్లు మనకిస్తామంటున్నారండి. మీరు అక్కడ ఎవరితోనూ పేచీ పెట్టుకోకండి. ఏమిచ్చినా నవ్వుతూ పుచ్చుకోండి, చాలు" అన్నారు. ఆయనది కోస్తా, నెమ్మదస్తుడు. నాది చందానగర్. నా నోటి సంగతి ఆయనకు బాగా తెలుసు.

"నేనెందుకు పెట్టుకుంట సార్ పేచీ? మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను. ఆ పూట నిజంగానే అనుకున్నాను.

అవి తొంభైల చివరి రోజులు. కొత్తగూడ దగ్గర మాది తెలుగు మీడియం సర్కారు బడి. అవతల గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. తూటా పేలినప్పుడల్లా మా బోర్డు మీంచి సుద్దపొడి రాలేది. ఊరంతా కంప్యూటర్ల జపమే, మా పిల్లలు మాత్రం దాన్ని పుస్తకంలో బొమ్మగా చూసినవాళ్ళే. ఇంగ్లండులోని ఒక బడితో మాకు జత కుదిరి, ఇక్కడి టీచరు అక్కడికి, అక్కడి టీచరు ఇక్కడికి అని తేలాక మా సారు ప్రాణమంతా ఆ పాత కంప్యూటర్ల మీదే పెట్టుకున్నారు. ఆయన్ని తప్పుపట్టను. నా పిల్లల వేళ్ళు ఆ మీటల మీద ఆడాలని నాకూ ఉండేది.

అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ హెడ్మిస్ట్రెస్ వానలో గొడుగు పట్టుకుని స్టేషనుకు వచ్చి మరీ నన్ను తీసుకెళ్ళింది. కానీ నేను లెక్కల టీచర్ని. వాళ్ళు నాకు అప్పజెప్పిన పని ఆడపిల్లలకు చీరలు కట్టడం, బొట్లు పెట్టడం. ఒక తరగతి అవగానే ఇంకో తరగతి. లెక్కలెప్పుడు చెప్పమంటారని అడిగితే తర్వాత చూద్దామన్నారు. మా సారుకిచ్చిన మాట కోసం నోరు కట్టేసుకుని కుచ్చిళ్ళు పోస్తూ కూర్చున్నాను. మా ఇంటి పెళ్ళిళ్ళలో కూడా అంతమందికి కట్టలేదు.

ఒక ఉదయం ప్రార్థన హాల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి నన్ను వేదిక మీదికి పిలిచారు. గోడ మీద మా తరగతి ఫొటోను పెద్దది చేసి అతికించారు. నేను పంపిన ఫొటోనే. పదో తరగతి అమ్మాయి బోర్డు మీద వృత్తం, స్పర్శరేఖ గీసి సిద్ధాంతం రుజువు చేస్తోంది. బొమ్మ అంత శుభ్రంగా గీసిందనే ఆ ఫొటో ఏరి పంపాను. దాని కింద పెద్ద పెద్ద అట్టపెట్టెలు, వాటి నిండా వాడేసిన బూట్లు. కాళ్ళకు వేసుకోవడానికి ఏమీ లేకపోయినా ఈ పిల్లలు చదువుకుంటున్నారు చూడండి అని హెడ్మిస్ట్రెస్ ఫొటో చూపించింది. నేను బోర్డు చూడమని పంపితే వీళ్ళు కాళ్ళు చూశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మా బడిలో తరగతి గదిలోకి చెప్పులతో ఎవరొస్తారు? పిల్లలైనా నేనైనా గుమ్మం బయట విడిచి రావాల్సిందే. పైగా కాళ్ళకు తొడిగి విడిచినవి తెచ్చి ఎదుటి మనిషి చేతిలో పెడితే మా దగ్గర తలలు పగులుతాయి. ఆవిడ నవ్వుతూ పెట్టె అందుకోమంది. కంప్యూటర్లు గుర్తొచ్చాయి. మా సారు ముఖం గుర్తొచ్చింది. ఒక్క నవ్వు నవ్వితే అయిపోయేది. నవ్వు రాలేదు.

నాది పుస్తకాల్లో నేర్చుకున్న ఇంగ్లీషు. తడబడింది, అయినా ఆగలేదు. "మా పిల్లల చెప్పులు తరగతి గుమ్మం బయట ఉన్నాయి. చదువు చెప్పే చోట మేము చెప్పులు వేసుకోము. ఈ పెట్టెలు నేను తీసుకెళ్ళను" అన్నాను. మొదలుపెట్టాక సగంలో ఆపడం నాకు చేతకాదు. "మీరు దీన్ని ఎక్స్ఛేంజ్ అంటున్నారు. మా భాషలో ఇచ్చిపుచ్చుకోవడం అంటాం. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే ఇళ్ళ మాట అది. సాటి ఇళ్ళ మధ్యే అది జరిగేది. నేను మీ ఇంటికి వియ్యపురాలిగా వచ్చాను. వియ్యపురాలికి ఎవరూ పాత బూట్లు పెట్టరు." వియ్యపురాలికి ఇంగ్లీషు దొరక్క తెలుగులోనే అనేశాను. మాట తెలియకపోయినా నా గొంతు వాళ్ళకు అర్థమైంది.

తర్వాత తన గదిలో ఆవిడ ఎర్రబడ్డ ముఖంతో, మంచి మనసుతోనే చేశామంది. తెలుసన్నాను. అదే మనసుతో నాకొక తరగతి ఇప్పించండన్నాను. ఇచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి స్పర్శరేఖ సిద్ధాంతం మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆ చలికి కాలివేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా గంట కొట్టేదాకా బయటికి రాలేదు.

కంప్యూటర్లు రాలేదు. బూట్లు వద్దన్నందుకేనో, మరో కారణమో ఎవరూ చెప్పలేదు. మా సారు మాత్రం నన్నే అన్నారు. "ఒక్క మాట మింగితే ఏం పోయేదండి? పిల్లలు బాగుపడేవాళ్ళు కదండీ."

"మింగుడు నాకు రాదు సార్. కంప్యూటర్లు కిరాయికి తెచ్చుకుందాం గని, గిట్ల బిచ్చమెత్తి తెచ్చుడు నాతోని కాదు" అన్నాను. ఆయన చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

ఒకరోజు ఆ ఫొటోలోని అమ్మాయి తరగతి అయిపోయాక నా దగ్గరికి వచ్చింది. "నా ఫొటో చూసి ఆల్లేమన్నరు మేడం?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాను, కాస్త గొప్పగానే చెప్పాను. పడీ పడీ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఫొటో తీసినప్పుడు నాకు చెప్పులు లేకుండె మేడం" అంది. "దసరాకు కొనిచ్చింది అమ్మ."

ఆ పిల్ల తల దించుకోలేదు, సూటిగా నా ముఖంలోకి చూసింది.

"మీరు మంచిగ చెప్పిన్రు మేడం. లేకుండె అని మాత్రం ఆల్లకు చెప్పకుండ్రి."