మగ్గం పక్కన గోడ

1943లో నేను హిందూపురంలోని ఒక కలప డిపోలో ఎస్టిమేట్లు వేసేవాణ్ని. గోడ కొలిచి, దాని ఫ్రేముకు, అంటే లోపలి చట్రానికి, ఎంత కర్ర పడుతుందో చెప్పడం నా పని. యుద్ధం రోజులు. మంచి కర్రంతా మిలిటరీకే పోయేది. మిగిలినదాంతోనే ఊళ్లవాళ్లు సర్దుకోవాలి. నా లెక్క తప్పితే ఎవరిదో ఒక ఇల్లు సగంలో ఆగినట్టే.

ఆ ఏడు వానలకు ధర్మవరంలో ఓబులేసు అనే నేతగాడి ఇంటి పక్కగోడ కూలింది. దూలాలు స్తంభాల మీద ఉన్నందున మిద్దె నిలిచింది. కానీ గోడను ఆనుకునే గుంట మగ్గం, దాని మీద సగం నేసిన పెళ్లి పట్టుచీర. జల్లు కొడితే పట్టు పాడవుతుంది, మగ్గం విప్పితే చీర దక్కదు. మట్టిగోడ ఆరేదాకా ఆగలేరు. కర్ర చట్రం నిలిపి వెదురు తడికలు కట్టడం ఒక్కటే దారి.

రైల్లో వెళ్లి టేపు పరిచాను. కింద ఒక అడ్డకర్ర, పైన ఒకటి, మధ్యలో స్టడ్లు, అంటే నిలువు కర్రలు. కోతలో పోయే వేస్టేజి కలుపుకున్నా డిపోలోని సరుకు సరిగ్గా సరిపోతుంది.

"కిటికీ యాడ పెట్టల్లప్పా?" అనడిగాను.

"కిటికీ వద్దులే సామీ. కర్ర దొరకని కాలం. గోడ నిలబడితే సాలు," అన్నాడు ఓబులేసు.

కండెలు చుడుతున్న అతని భార్య నాగమ్మ రాట్నం ఆపింది. "ఈయప్పకు చూపు తగ్గింది సామీ. పాత కిటికీ ఉన్నప్పుడే పోగు తెగితే నన్ను పిలుస్తాండె. ఇప్పుడు అంతా మూసేస్తే ఏం కనపడతాది?"

"నువ్వు ఊరుకో," అన్నాడతను. ఆ గొంతులో కోపం కన్నా సిగ్గే ఎక్కువ వినిపించింది.

నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, అతను కూర్చునేచోటే కూర్చున్నాను. పోగుల మీద వెలుతురు పడాలంటే కిటికీ నేలకు జానెడు పైనుంచే మొదలవ్వాలి.

కిటికీ పెడితే కర్ర తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. చట్రంలో అలా కాదు. తెగిన స్టడ్లను మోయడానికి పైన లింటెల్, అంటే అడ్డదిమ్మె, రెండు పక్కలా అదనపు నిలువులు కావాలి. అంత సరుకు డిపోలో లేదు. మళ్లీ లెక్క వేశాను. కిటికీని స్తంభం దగ్గరికి జరిపితే ఒక పక్క నిలువు ఆ స్తంభమే అవుతుంది. స్టడ్లలో కిటికీ మేర కోసేసిన ముక్కలు రెండో పక్కకూ, అడ్డదిమ్మెకూ వస్తాయి.

"సాలుతాదా సామీ?" అంది నాగమ్మ.

"సాలుతాది. నాది పూచీ," అన్నాను.

సాలింది. తడికలు కట్టాక చూడటానికి వెళ్లాను. ఓబులేసు నేస్తున్నాడు. నేను చూస్తుండగానే ఒక పోగు తెగింది. నాగమ్మ లేవబోయింది. అతను పిలవలేదు. కిటికీ వైపు కొంచెం వంగి, రెండు కొసలూ దొరకబుచ్చుకుని తనే ముడివేశాడు. ఆమె మళ్లీ కూర్చుని రాట్నం తిప్పుకుంది.

అప్పట్నుంచి ఏ ఇంటికి పోయినా ముందు టేపు తీయలేదు. ఆ గోడ పక్కన ఎవరు కూర్చుంటారు, ఏం పని చేస్తారు అని అడిగేవాణ్ని. కర్ర లెక్క ఆ జవాబు నుంచే మొదలవుతుంది.