జనాన్ని మరిచిన మంద

జూ గేటు దగ్గర నిలబడి "జింకలక్క ఎక్కడ?" అని అడిగితే ఎవరైనా చెబుతారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. మనిషి పొట్టి, మాట తక్కువ, పట్టు ఎక్కువ. పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుందని ఆమె భర్త నవ్వుతుంటాడు. జింకల విషయంలో మాత్రం తీరా వెళ్లి చూస్తే కుందేలుకి నిజంగానే మూడు కాళ్లున్న సందర్భాలు చాలానే ఉన్నాయి.

మహమ్మారి వచ్చి జూ మూతపడి పద్నాలుగు నెలలైంది. ఒక మంగళవారం పొద్దున నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఈ ఆదివారం కాక పై ఆదివారం నుంచి జనాన్ని లోపలికి అనుమతిస్తారట. అందరి మొహాలూ వెలిగాయి. టికెట్ల గుమాస్తా అయితే అప్పుడే తన కిటికీ అద్దం తుడవడం మొదలెట్టాడు. జింకలక్క కాగితాన్ని రెండుసార్లు చదివి, చేతిలో గడ్డి బుట్ట అక్కడే దించి, నేరుగా అధికారి గదిలోకి వెళ్లింది.

"సార్, జింకలు జనాన్ని మరిచిపోయాయి. ఇప్పుడు తెరిస్తే చచ్చిపోతాయి" అంది.

ఆమె ఊరికే భయపెట్టే మనిషి కాదు. పోయిన నెలలో తనిఖీకి ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒకాయన ఎండగా ఉందని గొడుగు తెరిచాడు. ఆ చప్పుడుకి మంద మొత్తం లేచి పరుగందుకుంది. రెండేళ్ల మగజింక ఒకటి కంచెకి గుద్దుకుని మెడ విరిగి అక్కడే పడిపోయింది. ఆయన పాపం చాలా బాధపడి, గొడుగు మడిచి, కాగితంలో "అంతా సవ్యంగా ఉంది" అని రాసి వెళ్లాడు. గుంత తవ్వి పూడ్చింది జింకలక్క. ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి. వాటిలో తొమ్మిది కూనలు జూ మూసేశాక పుట్టినవి. గుంపు అంటే ఏమిటో వాటికి తెలియనే తెలియదు.

అధికారి చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు తీసి నుదురు రుద్దుకున్నాడు. "చూడమ్మా, ఇది నా చేతుల్లో లేదు. మన జిల్లాలో కేసులు తగ్గాయి, తెరవమన్నారు. అవతలి జిల్లాలో జూ ఇంకా మూతే. చుట్టుపక్కల జనమంతా ఇక్కడికే వస్తారు. జింకల ఆవరణ చూస్తే గేటు పక్కనే ఉందాయె. ఇంకో దారి లేదు. పోనీ, పరదా కట్టేద్దామా?"

"ఎన్నాళ్లు కడతారు సార్? విప్పిన రోజు బెదరవా?"

"మరేం చేద్దామంటావు?"

"నాకు జనం కావాలి. రోజూ కొంచెం కొంచెంగా అలవాటు చేస్తాను."

"ఆదివారం దాకా బయటి మనిషి ఒక్కడూ లోపలికి రాకూడదని రూలు."

"అయితే ఉన్నవాళ్లనే జనాన్ని చేస్తాను" అని ఆమె గడ్డి బుట్ట దగ్గరికి వచ్చేసింది. సెలవిచ్చాడో లేదో కూడా చూసుకోలేదు.

ఉన్నవాళ్లంటే పదకొండు మంది. గుమాస్తా, పాముల గది కాపలాదారు, మేత కోసే ఇద్దరు ఆడవాళ్లు, ఊడ్చేవాళ్లు, పశువుల డాక్టరు, ఇలాంటివాళ్లు. మర్నాడు అందరినీ ఇంటి బట్టల్లో రమ్మంది. గుమాస్తా తన పెళ్లినాటి కోటు వేసుకొచ్చాడు. బొత్తాలు పట్టలేదు, అయినా విప్పనన్నాడు. పాముల కాపలాదారు కళ్లు చెదిరే పసుపు చొక్కాలో దిగాడు. కంచెకి ముప్పై అడుగుల అవతల తాడు కట్టించి, దాని వెంట నడవమంది. పదకొండు మంది అటు పోయి, చెట్ల వెనక టోపీలు మార్చుకుని, మళ్లీ ఇటు వచ్చేవారు. దూరం నుంచి చూస్తే వంద మందిలా ఉండాలని ఆమె ఆలోచన. దూరం నుంచి చూస్తే పదకొండు మంది పిచ్చివాళ్లలా ఉన్నారని డాక్టరు అభిప్రాయం.

ఒక్క జింకా నిలవలేదు. మూల గోడ దగ్గర ముద్దగా దూరి వణికాయి. అప్పుడు జింకలక్క తానే ముందుకు వెళ్లింది. తన గొంతు, తన నడక వాటికి తెలుసు కదా అనుకుంది. ఆమె ఒంటి మీద ఆరోజు కూతురి ఎర్ర స్వెట్టరు ఉంది. నాలుగడుగులు వేసిందో లేదో, సీసాతో పాలు పట్టి తను పెంచిన జింక తననే చూసి గెంతి పారిపోయింది.

ఆ దెబ్బ ఆమెకి గుండెల్లో తగిలింది. మేత గదిలో కూర్చుని చాలాసేపు ఆలోచించింది. ఈ పద్నాలుగు నెలలూ మందకి కష్టం కలగకూడదని ఆమే అందరినీ నోరెత్తనివ్వలేదు. బకెట్లకి గుడ్డలు చుట్టించింది. రోజూ అదే బూడిద రంగు యూనిఫాం, అదే వేళ, అదే దారి. పాముల కాపలాదారు ఈల వేస్తే కసిరింది. అంత అపురూపంగా చూసి, వాటిని ఆకు కదిలినా అదిరిపడేలా తయారుచేసింది ఇంకెవరో కాదు, తనే. ఆ మాట ఎవరూ అనలేదు, ఆమే డాక్టరుతో అంది. "నేను చెడగొట్టాను, నేనే బాగుచెయ్యాలి" అంది. ఆ తర్వాత దాని గురించి ఏడవలేదు. ఏడవడానికి తీరిక ఏదీ?

బకెట్ల గుడ్డలు విప్పేసింది. రోజుకొక రంగు తొడుక్కుంది. తాడుని రోజూ రెండడుగులు ముందుకి జరిపించింది. కాని రంగులతో తీరేది కాదు, రొద కూడా కావాలి. సిబ్బంది పదకొండు మంది ఎంత అరిచినా అది జనం రొదలా ఉండదు. ఒక సాయంత్రం ఇంట్లో అత్తగారి ముందు ఫోను పెట్టి కూర్చుంది.

"అత్తయ్యా, పక్కింటావిడ మన మెట్ల మీద చెత్త పోసినరోజు ఏమన్నారు? మళ్లీ ఒక్కసారి అనండి."

"ఎందుకూ?"

"జింకలకి వినిపించాలి."

అత్తగారు కోడలి మొహంలోకి అనుమానంగా చూసింది. "ఇన్నేళ్లుగా నా నోటికి నువ్వే బెదరలేదు. అవేం బెదురుతాయి?"

"బెదరకూడదనే అత్తయ్యా. మీ గొంతుకి తట్టుకుంటే ఇంక దేనికైనా తట్టుకుంటాయి."

ఆ మాటని పొగడ్తగా తీసుకోవాలో తిట్టుగా తీసుకోవాలో ఆవిడ క్షణం తేల్చుకోలేకపోయింది. చివరికి పొగడ్తగానే తీసుకుని, గొంతు సవరించుకుని, పక్కింటావిడని అరగంట సేపు ఏకిపెట్టింది. వెనక జింకలక్క కూతురి నవ్వు, కొడుకు ఏడుపు, పళ్లెం కింద పడ్డ చప్పుడు, అన్నీ ఫోనులో పడ్డాయి. మర్నాటి నుంచి జూ జీపు మైకులో అదే మోగింది. మొదట్లో చాలా చిన్నగా, తర్వాత ఇంకాస్త, తర్వాత ఇంకాస్త. మందలో అందరికంటే ముసలిది ఒక ఆడజింక ఉంది, దాన్ని పెద్దమ్మ అంటారు. ఏడో రోజుకి పెద్దమ్మ ఆ తిట్లు వింటూనే మేత నమిలింది. పెద్దమ్మ తింటే మిగతావి తింటాయి. పదో రోజుకి తాడు కంచెకి పన్నెండు అడుగుల దగ్గరికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. జింకలక్క ఇల్లు వంతెన అవతల, అంటే అవతలి జిల్లాలో ఉంది. రోజూ పాసు చూపించి వచ్చి పోతుంది. అక్కడ ఆదివారం అంతా బంద్, ఏ పాసూ చెల్లదు. శనివారమే వచ్చి జూలో ఉండిపోతే మాత్రం, పద్నాలుగు రోజులు వేరే గదిలో ఒంటరిగా ఉన్నాకే ఇంట్లోకి రావాలని అక్కడి రూలు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మనుషులు ఐదుగురు, పైగా అత్తగారికి ఆయాసం. జబ్బుకి వంతెన దాకే హద్దు అని ఎవరు చెప్పారో గాని, రెండు జిల్లాల మధ్య ఈమె అడకత్తెరలో పోకచెక్క అయింది.

"ఒక్కరోజుకి ఇంకెవరూ లేరా?" అన్నాడు భర్త.

"ఉన్నారు. కాని మంద ఎప్పుడు బెదరబోతుందో చెవులు చూసి చెప్పేది నేనొక్కదాన్నే. ఆ పద్నాలుగు రోజులూ మేత గదిలోనే ఉంటానండీ. ఇక్కడికి రాను."

ఆయన సంచిలో దుప్పటి తనే మడిచి పెట్టాడు.

ఆదివారం తొమ్మిదింటికి గేటు తీశారు. విడతకి నలభై మందినే వదిలారు. పన్నెండు అడుగుల తాడు అలాగే ఉంది. మంద చెవులు నిక్కించి చూసింది, అటూ ఇటూ కదిలింది, నిలిచింది. మొదటి విడత గడిచింది, రెండోదీ గడిచింది. జింకలక్క కంచె పక్కన ఎర్ర స్వెట్టరుతో నిలబడి ఉంది. ఆమె కళ్లు మంద చెవుల మీదే ఉన్నాయి.

మూడో విడతలో ఒక ముసలాయన తుమ్మాడు. మాస్కు లోపలే తుమ్మాడు గాని, ఆవరణ దద్దరిల్లేలా తుమ్మాడు.

మనుషులు పిడుగు పడ్డట్టు విడిపోయారు. ఒకావిడ పిల్లని చంకనెత్తుకుని పరుగెత్తింది. ఇంకొకాయన చెప్పు వదిలేసి పారిపోయాడు. తాడు మీద పడ్డవాళ్లు పడ్డారు. ముప్పై తొమ్మిది మంది ఒక్కసారి పరుగెడుతుంటే ముప్పై ఒక్క తలలు పైకి లేచాయి. పెద్దమ్మ ముందుకాలు ఎత్తింది. అది కాలు నేలకి కొట్టిందా, మంద అంతా కంచె మీదకే. జింకలక్క కదలలేదు. తను పరుగెత్తితే అంతే అని తెలుసు. పళ్లు బిగించి నిలబడింది.

పెద్దమ్మ పారిపోతున్న జనాన్ని ఇటు నుంచి అటు దాకా చూసింది. ఎత్తిన కాలు మెల్లగా దించి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. కూనలు దాన్ని చూసి తలలు వంచాయి.

జింకలక్కకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు. అప్పుడు తాడు దగ్గర ఒక్కడే మిగిలిపోయిన ముసలాయన కనిపించాడు. అంత ఖాళీ మధ్య నిలబడి మాస్కు సరిచేసుకుంటున్నాడు.

"గడ్డి నుసి పడిందమ్మా. నాకు ఏ జబ్బూ లేదు. పరీక్ష కూడా చేయించుకున్నాను" అన్నాడు. గేటు వైపు తిరిగాడు. "వెళ్లిపోతాలే."

దూరం నుంచి ముప్పై తొమ్మిది మంది ఆయన్నే చూస్తున్నారు. ఇన్నాళ్లు మంద మూల గోడ దగ్గర దూరి చూసిన చూపు అదే. ఆ చూపుకి వైద్యం పన్నెండు రోజుల నుంచి ఆమె చేస్తూనే ఉంది. తొందరపడకుండా నడిచి తాడు దాకా వచ్చింది. తాడుకి ఇవతల, ఆయనకి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబడింది.

"ఎక్కడికీ వెళ్లకండి బాబాయ్. అదిగో, ఆ చెవి మీద మచ్చున్న కూన చూడండి, పోయిన వానాకాలంలో పుట్టింది" అని మొదలుపెట్టింది. రోజూ మాట్లాడే గొంతుతోనే, తొమ్మిది కూనల కథా ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. నాలుగో కూన దగ్గరికి వచ్చేసరికి పిల్లని ఎత్తుకున్న ఆవిడ తిరిగి వచ్చింది. ఆ వెనక ఇంకో ఇద్దరు వచ్చారు.