ఫికర్ లేని బర్రె, బాపు పెన్సిలు

ఆ రోజుల్లో నాకు రాని పని అంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు అలాంటిది మరి. తెలంగాణ వచ్చిన కొత్త; మన మాటలు పుస్తకాల్లోకి ఎక్కుతున్నాయని అందరం రొమ్ము విరుచుకుని తిరుగుతున్న కాలం. పోచంపల్లి పక్క ఊరి చిన్న బడిలో నేను విద్యా వాలంటీర్‌ని (అంటే అన్ని పనులూ చేసే, ఏ కుర్చీ తనది కాని టీచరమ్మని). ఒకరోజు మా పెద్ద మేడం పిలిచి, "నల్లగొండల పిల్లల బొమ్మల పుస్తకాల పోటీ పెడుతున్నరు. గెలిచిన పుస్తకం అచ్చేసి అన్ని బడులకు పంపుతరట. నువ్వేమన్న చేస్తవా?" అని అడిగింది. ఎందుకు చేయనన్నాను. పొద్దుగూకేసరికి మా వాడకట్టంతా తిరిగి, ఆ పుస్తకం గెలిచిపోయినట్టే చెప్పి వచ్చాను.

కథ కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మా పక్కింట్లో పాలమ్మే చిచ్చా (బాబాయి అన్నట్టు) బర్రె ఉండనే ఉంది. అంత నిమ్మళమైన ప్రాణిని నేను ఇప్పటిదాకా మళ్లీ చూడలేదు. సరిగ్గా హైదరాబాదు బస్సు వచ్చే వేళకే రోడ్డు నడుమ పడుకుని నెమరు వేసేది. డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీసేవాడు కాదు, కండక్టర్ దిగి దండం పెట్టేవాడు. చిచ్చా మాత్రం అరుగు మీద కూర్చునే, "జర ఆగుండ్రి సాబ్! దానికి బుద్ధి పుట్టాలె గదా" అనేవాడు. ఆ బర్రెనే కథలో పెట్టాను. పేరు 'ఫికర్ లేని బర్రె' (ఏ చింతా లేని బర్రె అన్నమాట). బస్సొచ్చింది, బర్రె లేవలేదు. వానొచ్చింది, బర్రె లేవలేదు. ఈగ వాలింది, బర్రె తోక ఊపింది, అయినా లేవలేదు. పన్నెండు పేజీలూ ఇదే వరస.

బొమ్మలు గీయబోయాక తెలిసింది నాకు రాని పనులు కూడా ఉన్నాయని. రెండో తరగతి పిల్ల ఒకతి నా బర్రెను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "టీచర్, గీ సంచికి కొమ్ములెందుకున్నయ్?" అన్నది. ఇక బాపు (మా నాన్న) దగ్గరికి పోయాను. బాపు చీరల డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద గడి గడి లెక్కపెట్టి ఆయన గీసిన పూలు ఎన్ని వేల మంది భుజాల మీద తిరిగాయో! కానీ అప్పటికి కంప్యూటర్ డిజైన్లు వచ్చేసి, ఆయన్ని అడిగేవాళ్లే లేరు. ఏడాదిగా పెన్సిలు మూలకు పడింది, దానితోపాటు మనిషీ. నేను అడగ్గానే లేచి కూర్చుని, "పేజీ నిండ బర్రె ఉండాల్నా? గదెంత పని!" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. పుస్తకం సంగతి ఎట్లా ఉన్నా, ఈ పని మాత్రం చెడిపోకూడదనుకున్నాను.

డిజైన్ పూర్తికాకుండా ఎవరికీ చూపించకపోవడం బాపు అలవాటు. నాకు ఆ వారమంతా ట్రైనింగు. అందుకని ఆయనే బొమ్మల్ని జిరాక్సు కొట్టుకు తీసుకుపోయి ఇచ్చాడు. పోటీ రోజు పొద్దున బస్టాండులో జిరాక్సు కొట్టు అన్న నా చేతిలో పొట్లం పెట్టి, "మీ బాపు జెప్పినట్టే చేసిన చెల్లే" అన్నాడు. బస్సెక్కి విప్పాను. బర్రెకు ఇటొక తల, అటొక తల! రెండు తలలూ నిమ్మళంగా నెమరేస్తున్నాయి. తోక ఉండాల్సిన చోట కొమ్ములున్నాయి. పన్నెండు పేజీల్లోనూ అంతే. సంగతి అర్థం కావడానికి నేత ఇంట్లో పుట్టినదానికి ఎంతసేపు? మా దగ్గర నూలును మడిచి ముడులు కట్టి రంగులద్దుతారు. పెద్ద డిజైనయితే సగం గీస్తే చాలు, మిగతా సగం మడతలో దానంతటదే వస్తుంది. బాపు సగం బర్రెను గీసి, "మిగతాది అద్దంల లెక్క తిప్పి కొట్టు" అని చెప్పి వచ్చాడన్నమాట.

"ఇగ నా పరువు పోయింది చిచ్చా" అని ఏడ్చాను. (చిచ్చా పండగ బట్టలు వేసుకుని నాతోనే బయల్దేరాడు. తన బర్రెకు ఇనాం ఇస్తారని ఆయన నమ్మకం.) చిచ్చా పుస్తకం తీసుకుని తీరిగ్గా చూసి, "ఎందుకేడుస్తవ్ బేటీ? మంచిగనే ఉన్నది గదా. గీ తలకాయ గిటు పోదామంటది, గా తలకాయ గటు పోదామంటది. పంచాయతి ఎప్పుడు తెగాలె? గందుకే పండుకున్నది!" అన్నాడు.

నేను ముక్కు తుడుచుకుని పెన్ను తీశాను. చౌటుప్పల్‌లో బస్సు మారేలోపు కథంతా కొట్టేసి, రెండు తలల పంచాయతిగా మళ్లీ రాశాను. బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా నా అక్షరాలు కూడా గుంతల్లో పడ్డాయి.

పోటీలో ఒక పెద్దసారు కళ్లజోడు సర్దుకుని, "రెండు తలల బర్రె ఎక్కడుందమ్మా?" అని గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే చిచ్చా, "మా ఇంటి ముంగటున్నది సార్. కాకపోతే ఒక్కటే తలకాయ" అన్నాడు. బహుమతి 'చేతులు కడుక్కునే కాకి' అనే పుస్తకానికి పోయింది. కానీ పిల్లలు మా బల్ల వదిలితే ఒట్టు! ఒకరు ఈ తల, ఒకరు ఆ తల అయి కొట్లాడుతూ చదివారు. సాయంత్రానికి అట్ట ఊడి చేతికొచ్చింది.

ఇంటికొచ్చి, "అచ్చేయరంట గనీ, పిల్లలు నీ బొమ్మలు ఇడిసిపెట్టలే బాపూ" అన్నాను. తలల మాట ఎత్తలేదు. బాపు మళ్లీ పెన్సిలు చెక్కుకున్నాడు. మా బడి కోసం కుక్కను గీశాడు, ఏనుగును గీశాడు, మేకను గీశాడు. అన్నిటికీ రెండేసి తలలు, ఒక్కదానికీ తోక లేదు. ఏళ్లు గడిచాయి. ఆయన మనసు నొప్పించకుండా కాపాడుకొస్తున్నానని నాలో నేనే మురిసిపోయేదాన్ని.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆ పుస్తకాలు ముందేసుకుని, ధైర్యం చేసి, బర్రెకు రెండు తలలెందుకు పెట్టావని బాపును అడిగేశాను.

బాపు కిసుక్కున నవ్వాడు. "బర్రెకు ఒక్కటే తలకాయని నాకెర్క లేదా బిడ్డా? నాకు తోక గీసుడు రాదు. ఎన్నిసార్లు గీసినా చీర కుచ్చు లెక్కనే వస్తుండె. నువ్వు ఊరంత చెప్పుకొని సంబురపడుతుంటివి. రాదని ఎట్ల చెప్పాలె? గందుకే మడత పెట్టిన."

ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నాం. తర్వాత గళ్ల కాగితం ముందేసుకుని, చెరో పెన్సిలు పట్టుకుని తోకలు గీయడం మొదలుపెట్టాం. పొద్దుగూకేదాకా గీశాం. ఒక్కటీ కుదరలేదు.