ఎడమ సొరంగం గోడ

పైకప్పును ఇనుపకడ్డీతో తట్టి, ఆ చప్పుడును బట్టి రాయి నిలుస్తుందో ఊడుతుందో చెప్పేవాడు కాబట్టి గనిలో అందరూ ఆయన్ని చెవుల బాబాయ్ అనేవారు. ఇంట్లో భార్య నాలుగుసార్లు పిలిచినా వినపడని చెవులవి. గనిలో మాత్రం ముప్పై ఏళ్లపాటు ఒక్క ప్రాణం పోనివ్వలేదు. గని మూతపడ్డ పదేళ్లకు దాన్ని కరెంటు కేంద్రంగా మార్చడానికి వచ్చినవాళ్లు, దారులు తెలిసిన మనిషి కావాలని ఆయన్నే వెతికి పట్టుకున్నారు. కరెంటు మిగిలినప్పుడు గని అడుగున నిల్వచేసిన నీళ్లను గుట్టమీది చెరువుకు తోడాలి, చాలనప్పుడు వాటినే కిందికి వదిలి కరెంటు తీయాలి. ఈ ఏర్పాటు ఆయనకు భలే నచ్చింది. గని అడుగున పంపుల గదిలో కూతురికే ఉద్యోగం రావడం ఇంకా నచ్చింది.

మొదటిసారి నీళ్లు వదిలేది ఆ ఉదయం పదింటికి. తొమ్మిదిన్నరకు పైన ఆఫీసులో ఇంజనీరమ్మ మ్యాపు పరిచింది.

"నిన్న ప్లాను మారింది బాబాయ్. ఎడమ సొరంగం కూడా నింపేస్తున్నాం. దానికీ పంపుల గదికీ మధ్య పన్నెండు మీటర్ల గోడ ఉందిగా, భయం లేదు. పాత గని కొలతల పుస్తకంలో సంతకం మీదే."

బాబాయ్ మ్యాపు మీదికి వంగాడు. ఆ సొరంగాన్ని పొడిగానే ఉంచుతారన్న ధీమాతో ఇన్నాళ్లూ నోరు మెదపలేదు మరి.

ఆ గోడ పన్నెండు మీటర్లు లేదు. నెలాఖరుకు ఖనిజం బండ్లు నిండకపోతే, పనివాళ్లు ముట్టుకోకూడని గోడల్నే కాస్త కాస్త తవ్వేవారు. దాన్ని 'గోడకు గడ్డం గీయడం' అని నవ్వుకునేవారు. ఇంకొంచెం గీయొచ్చని చప్పుడు విని చెప్పింది ఈయనే. తవ్విన చోట రాళ్లు పేర్చి మూయించి, పుస్తకంలో పాత అంకె రాయించిందీ ఈయనే. ఇప్పుడు చెబితే ముప్పై ఏళ్ల పరువు మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే కింద కూతురితో కలిపి తొమ్మిదిమంది ఉన్నారు.

"కిందవాళ్లను ఓ గంట పైకి రమ్మనండమ్మా," అన్నాడు.

"ఎందుకు?"

"లోపల గాలి బాగాలేదనిపిస్తోంది."

"మీటర్లో బాగానే ఉంది. చెవులతోపాటు ముక్కు కూడా మొదలెట్టారా బాబాయ్?" అని ఆమె నవ్వింది.

ఫోను మోగింది. కింద నుంచి కూతురు. "మేం రెడీ మేడం, వదిలేయండి."

"వదలొద్దు!" బాబాయ్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఆ సంతకం అబద్ధం. గోడ లోపల తినేశాం."

ఇంజనీరమ్మ ఇంకో ప్రశ్న వేయలేదు. తొమ్మిదిమందినీ పైకి రప్పించింది. మధ్యాహ్నం ఆ గోడకు చిన్న బెజ్జం వేయించి చూస్తే, మూడున్నర మీటర్లకే బరమా అవతలికి దూసుకుపోయింది. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడు.

కూతురు హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది. "ఇంకా ఉన్నాయా నాన్నా?"

లేవని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. ఒక్కటైతే పొరపాటని సరిపెట్టుకుంటారు. కూతురు ఎర్ర పెన్సిలు అందించింది. మ్యాపు మీద ఒక గీత పెట్టాడు, తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కదానికీ "ఇది ఎంత?" అని అడిగి ఆమె పక్కనే మందం రాసుకుంది. మొత్తం పదకొండు తేలాయి. వాటిలో నాలుగు, పంపుల గదికి పోయే దారికి ఆనుకునే ఉన్నాయి.

"మూడు నెలలుగా నేను నడుస్తున్న దారి ఇది."

"తెలుసమ్మా. అందుకే నీ డ్యూటీ ఉన్న రోజుల్లో నీకంటే ముందెళ్లి అంతా చూసొచ్చేవాణ్ణి."

ఆమె పెన్సిలు కింద పెట్టింది. "నేను రాని రోజుల్లో మిగతావాళ్ల ముందు ఎవరెళ్లారు, నాన్నా?"