ఇరవై ఒక్క రోజుల నీళ్లు

ఎన్నికల్లో ఓడిపోయిన మర్నాడు పెనుకొండలోని నా అద్దె ఇంటి వరండాలో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, నేను. ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్లు బదిలీ కోసం వచ్చే టీచర్లు, కాలేజీ సీటు కోసం వచ్చే తండ్రులు పొద్దున ఆరింటికే ఆ కుర్చీల కోసం తోసుకునేవారు. ఆ రోజు పేపరు వేసేవాడు కూడా నా మొహం చూడకుండా పోయాడు. నా భార్య హిందూపురంలో ఉద్యోగం వదిలి రానంది. ఇంజనీరును చేసుకున్నాను గానీ నాయకుణ్ని చేసుకోలేదు కదా అనేది. న్యాయమే.

నేను రాజకీయాల్లోకి వచ్చింది ఒక స్లాబు వల్ల. హిందూపురంలో ఇంజనీరుగా ఉన్నప్పుడు, ఒక పల్లెలో బడి స్లాబు కుంగిందంటే చూడబోయాను. పోసిన తర్వాత దానికి సరిగ్గా నీళ్లు పట్టలేదు. సిమెంటు తడిలో నానితేనే గట్టిపడుతుంది, ఆరిపోతే పొడిపొడి అవుతుంది. ఆ కుంగిన కప్పు కిందే పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. రిపోర్టు రాశాను. పై ఆఫీసరు దాన్ని సొరుగులో పడేశాడు. మళ్లీ రాశాను, మళ్లీ సొరుగే. ఒళ్లు మండి రాజీనామా చేసి, తొంభైల్లో ఎన్నికల్లో నిలబడి గెలిచాను. నా చేతుల మీదుగా ఒక్క బడైనా కారకుండా, కుంగకుండా నిలబడాలి. అంతకు మించి నాకు వేరే కోరిక లేదు.

నా నియోజకవర్గంలోనే, ధర్మవరం దగ్గర ఒక పల్లెకు ఆడపిల్లల హైస్కూలు మంజూరు చేయించాను. స్లాబు పోసేసరికి నడి ఎండాకాలం వచ్చింది. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయి, రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది. దాన్ని ముందు బడికే పంపమన్నాను. స్లాబు మీద మట్టితో మడులు కట్టించి ఇరవై ఒక్క రోజులు నిండా నీళ్లు నిలబెట్టించాను. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కింద నిలబడేవారు. ట్యాంకరు అడుగున మిగిలినవి వాళ్లకు.

అక్కడే కాంక్రీటు తట్టలు మోసిన ఒక కూలీ ఆమె నా ముందుకొచ్చింది.

"సారూ, గోతాలు తడిపి పరిస్తే చాలదా? సగం నీళ్లు మాకు మిగుల్తాయి. ఇంట్లో పసిబిడ్డ ఉండాది."

ఆమె చెప్పింది నిజం. తడి గోతాలతోనూ స్లాబు గట్టిపడుతుంది. అవి ఆరకుండా కాస్త కాచుకుని ఉండాలి, అంతే. కాలేజీలో నాకూ ఆ పాఠం చెప్పారు. కానీ పదిమంది ముందు ఒక కూలీ మనిషి నాకు చెప్పడమా అనిపించింది.

"ఇంజనీరు నువ్వా, నేనా?" అన్నాను.

ఆమె ఖాళీ బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

నేను ఓడిపోయిన ఆ తర్వాతి ఎన్నికల్లో ఆ ఊళ్లో నన్నెవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను పోతే తలుపులు వేసుకున్నారు. బడి కట్టిస్తే ఇదా మీరు చేసేది అని ఏళ్ల తరబడి వాళ్ల మీద కోపం పెంచుకున్నాను. ఒంటరిగా అన్నం తినే మనిషికి కోపం కూడా ఒక తోడే.

జుట్టంతా నెరిశాక, ఒకసారి పని మీద ధర్మవరం పోయి, మనసు ఆగక ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకు వెళ్లాను. అప్పటికి మూడు రోజులుగా ముసురు. కిటికీల్లోంచి ఒక్కో గది కప్పు చూశాను. చెమ్మ లేదు, పగులు లేదు. కింద ఆడపిల్లలు తల వంచుకుని రాసుకుంటున్నారు. నా బడి నిలబడింది. చెప్పుకుందామంటే పక్కన ఎవరూ లేరు.

వంటపాక దగ్గర మధ్యాహ్న భోజనం గిన్నెలు తోముతున్న మనిషిని చూసి ఆగిపోయాను. ఆ రోజు గోతాల మాట చెప్పిన ఆమే. నన్ను మాత్రం గుర్తుపట్టలేదు.

"యాడనుంచి వస్తాండావప్పా?"

"హిందూపురం. బడి బాగుందమ్మా."

"బాగుండాది. ఎంత వాన కొట్టినా చుక్క కారదు. కట్టించిన ఆయప్ప గట్టిగానే కట్టించినాడు."

ఇన్నేళ్లూ ఈ మాట కోసమే కాచుకున్నాను. నా పేరు నోటిదాకా వచ్చింది.

"మాకే నీళ్లియ్యలేదు," అందామె, గిన్నె బోర్లిస్తూ. "ఆ ఎండల్లో వంక ఇసకలో తోడుకున్న మురికి చెలమ నీళ్లు తాపి నా బిడ్డను ఆసుపత్రి పాలు చేసుకుంటి. గోతాలు పరిస్తే చాలు సారూ అని చెప్తి. ఆయప్ప ఇనలేదు. బిడ్డ ఎట్నో బతికింది లే. ఇప్పుడు ఈడనే తొమ్మిది చదువుతాండాది."

పాక గట్టు మీద కూలబడ్డాను. ఆమె నా మొహం చూసి, అడక్కుండానే లోపలికి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చింది. ఆ మనిషిని నేనేనమ్మా, తప్పు చేశాను అనాలి. అంతకంటే పెద్ద మాటలు మైకుల్లో ఎన్నో మాట్లాడినవాణ్ని. తల వంచుకుని తాగాను.

"చాలునా అప్పా, ఇంగో చెంబు తెచ్చేదా?" అంది.

చాలమ్మా అని చెంబు చేతికిచ్చి, పేరు చెప్పకుండానే ఆటో ఎక్కాను.