మింగని గుక్క

ఆమె నాలుక గురించి పనిచోట చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు, మిగతా సగం ఆ అబద్ధాలకు పెంచిన తోకలు. షర్బతు కార్ఖానాలో నూరు పీపాలు వరసగా పెట్టి, ఒక్కదాంట్లో అర చెంచా పంచదార తగ్గిస్తే, గుమ్మంలో నిలబడే "ఎనభై మూడోది చూడండి" అనేదట. గాల్లో పోతున్న ఈగ ఏ పీపా మీంచి లేచిందో దాని వాలకం చూసి చెప్పిందని మూతలు బిగించేవాడు ఇప్పటికీ ఒట్టు పెట్టుకుంటాడు. అసలు సంగతి అంత పెద్దది కాదు. ఆమెకి ఒక్క చుక్క చాలు. అందుకే అందరికీ చుక్కమ్మ అయింది.

పదహారేళ్లుగా ఒకటే పని. రుచి చూసే గదిలో తెల్ల పింగాణీ తొట్టి, దాని ముందు ఎత్తుపీట. చిన్న గాజుగ్లాసులో నమూనా వస్తుంది. నోట్లో పోసుకుని, మూడు లెక్కపెట్టేదాకా నాలుక మీద ఆపి, తొట్టిలో ఉమ్మి, పుక్కిలించాలి. మింగకూడదు. మింగితే పదో పీపాకల్లా నాలుక మొద్దుబారుతుంది. పదహారేళ్లలో ఆమె గొంతు దిగిన షర్బతంతా కలిపినా ఒక చెంబుడు ఉండదు.

ముప్పై ఆరో ఏట, ఇక లేదులే అని అందరూ అనుకున్నాక, కడుపు పండింది. ఆరో నెలలో డాక్టరమ్మ కాగితం మీద ఒక పరీక్ష రాసింది.

"మీ అమ్మగారికి షుగరుందన్నారు కదా. గ్లూకోజు నీళ్లు తాగి రెండు గంటలు కూర్చోవాలి. తర్వాత రక్తం తీస్తాం. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి కొత్తగా వస్తుంది. తెలిస్తే చూసుకోవచ్చు."

చూసుకోవచ్చు అన్న మాట చుక్కమ్మ చెవికి ఎక్కలేదు. తల్లికి షుగరుతో చూపు మసకబారడం, చివరి రోజుల్లో కూతురి ముఖాన్ని చేత్తో తడిమి పోల్చుకోవడం కళ్ల ముందు మెదిలాయి. తన నాలుక మీద నిలిచిన తీపంతా ఉమ్మినా పోకుండా లోపలికి ఇంకి బిడ్డ దాకా చేరిపోయిందేమోనని ఆ రోజే భయం పట్టుకుంది.

అత్తగారు ఆ భయాన్ని ఎగదోసింది.

"పదహారేళ్లు పంచదారలో నానావు అమ్మాయ్. చీమలు నిన్ను ఎత్తుకుపోలేదు, అదే పదివేలు."

"ఊరుకో అమ్మా, అసలే బెంగగా ఉంది" అన్నాడు మొగుడు.

అతను తాళాలు బాగుచేస్తాడు. ఊళ్లో అతనికి లొంగని తాళం లేదు. తల్లి పోరు పడలేక పంచదార డబ్బాకి ఒక తాళం బిగించాడు. అది ఎంత గట్టి తాళమంటే, మర్నాడు చుట్టాలొస్తే తనే తీయలేక చప్పటి టీ పోయించాడు. నవ్వు రావలసిన చోట చుక్కమ్మకి కళ్లల్లో నీళ్లొచ్చాయి.

పరీక్ష రోజున రక్తం తీసే అమ్మాయి గ్లాసు నిండా గ్లూకోజు నీళ్లు ఇచ్చింది. "అయిదు నిమిషాల్లో మొత్తం తాగెయ్యండి" అని సీసాల మీద చీటీలు అంటించడానికి అటు తిరిగింది. చుక్కమ్మ పెద్ద గుక్క తీసుకుంది. ఇంత చిక్కటి సరుకు కార్ఖానాలో అయితే వెనక్కి పంపేసేది. ఒకటి, రెండు, మూడు. పక్కనే చేతులు కడుక్కునే తొట్టి ఉంది, తెల్లటిది. తల దానంతటదే వంగింది. గ్లాసులో పావు వంతు ఆ తొట్టిలో పడింది.

చేసిన పని అర్థమయ్యేసరికి చెవులు వేడెక్కాయి. అటు చూసింది. ఆ అమ్మాయి ఇంకా చీటీలే అంటిస్తోంది. చెబితే ఇంకో రోజు రమ్మంటారు. ఆ బెంగని ఇంకొక్క రోజు మోసే ఓపిక ఆమెకి లేదు. మిగిలింది కళ్లు మూసుకుని మింగి, ఖాళీ గ్లాసు చేతికిచ్చింది.

ఫలితం గీత దాటకుండా, అంచున ఆగింది.

అత్తగారు ఆ కాగితాన్ని బీరువా తలుపుకి అంటించింది. వచ్చినవాళ్లందరికీ చూపించి, "మా కోడలు పంచదార గనిలో పనిచేసినా ఒంటికి పలుకు అంటలేదు" అని గొప్పలు పోయింది. డబ్బా తాళం ఊడింది. మొగుడు ఈల వేస్తూ పనికెళ్లాడు. చీర తీసుకోవడానికి బీరువా దగ్గరకి వెళ్లినప్పుడల్లా ఆమె ఆ కాగితం వైపు చూడకుండా తలుపు తెరిచేది.

నాలుగో రోజు కార్ఖానాలో ఒక నమూనా వచ్చింది. రుచి బాగానే ఉంది. కానీ గ్లాసు బయటి అడుగున కడిగిన నీటి తడి ఇంకా ఆరలేదు.

"ఇది కడిగి ఆరబెట్టకుండా పట్టావు కదూ?" అంది మూతలు బిగించేవాడితో.

"రెండు చుక్కల నీళ్లకి ఏమవుతుంది? రుచి సరిపోయిందిగా, ముద్ర వేసెయ్ చుక్కమ్మా."

"నమూనా తప్పుగా తీస్తే రుచి సరిపోయినా ముద్ర వెయ్యను. పోయి మళ్లీ తీసుకురా."

మాట నోట్లోంచి వచ్చాక తొట్టి వైపు చూసింది. ఆ పూట ఇంకో పీపా చూడలేకపోయింది. సెలవు చెప్పి తిన్నగా ఆసుపత్రికి నడిచింది.

"ఉమ్మేశానమ్మా" అంది రక్తం తీసే అమ్మాయితో. "మొదటి గుక్క. కావాలని కాదు. అలవాటు."

ఆ అమ్మాయి చేతిలోని సీసా కింద పెట్టింది. "వాంతి చేసుకున్నవాళ్లు వచ్చి చెబుతారు. ఉమ్మానని చెప్పింది మీరొక్కరే. రేపు రండి. ఈసారి నేను పక్కనే కూర్చుంటా."

మర్నాడు గొంతు మొరాయించింది. తీపి నాలుకకి తగలగానే తల తొట్టి వైపు లాగేస్తోంది. రక్తం తీసే అమ్మాయి ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టి, "మింగండక్కా, మింగండి" అంటూ చంటిపిల్లకి మందు పట్టినట్టు పట్టించింది. తర్వాత రెండు గంటలు బల్ల మీద. లోపల బిడ్డ ఒకసారి గట్టిగా కదిలింది. ఆ కదలిక తీపి తగిలినందుకా, ఊరికేనా? అడిగినా చెప్పగలిగేవాళ్లు లేరు.

ఈసారి అంకె గీత దాటింది.

"మీ పని వల్ల కాదమ్మా" అంది డాక్టరమ్మ. "కడుపులో బిడ్డతో పాటు పెరిగే మావి వల్ల ఒంట్లో వచ్చే మార్పు ఇది. తిండి, నడక చూసుకుంటే చాలామందికి అదుపులో ఉంటుంది. చాలకపోతే ఇన్సులిన్ ఉంది. ఇంట్లో రోజూ వేలు గుచ్చి చూసుకోండి."

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. అత్తగారు వెటకారం ఆడినా బాగుండుననిపించింది చుక్కమ్మకి. ముసలామె బీరువా దగ్గరకి వెళ్లి, గోటితో మెల్లగా ఆ కాగితాన్ని ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే ఉంచుకుంది.

"చెప్పకుండా ఉండాల్సిందా అత్తయ్యా?"

"చెప్పకపోతే దానికి తెలియదా?" అంది ఆమె, కోడలి కడుపు వైపు చూస్తూ.

మొగుడు షుగరు చూసే కొత్త మిషను డబ్బా విప్పి, తాళం లోపల చూసినట్టు ఒంటికన్నుతో అటూ ఇటూ తిప్పాడు. సూది అతనే గుచ్చాడు. మిషనులో దూర్చిన పట్టీ మీద రక్తం చుక్క పెట్టాక అది అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అయిదు, నాలుగు.

అంతలో వేలి మీద ఇంకో చుక్క ఊరింది. ఆమె దాన్ని నాలుక మీద పెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. ఉప్పగా ఉంది, మొగుడి తాళంచెవుల వాసనలా ఇనుపరుచి. తీపి ఉందో లేదో, ఉంటే ఎంతో, ఆ నాలుకకి అందలేదు.

"ఏమైనా తెలిసిందా?" అన్నాడతను.

ఆమె తల అడ్డంగా ఊపి, ఆ చుక్కని మింగింది.