వంతులు మానుకున్న చెంగమ్మ

చెంగమ్మకు ముగ్గురు బిడ్డలు. ముగ్గురూ మంచోళ్లే. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఆమె ఆరోగ్యం చెడింది వాళ్లు సరిగా చూసుకోక కాదు. పెద్దకొడుకు దాసప్పకు మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ ఉంది. చిన్నకొడుకు మునిరత్నం పుంగనూరులో బట్టలంగడి పెట్టుకున్నాడు. కూతురు స్వర్ణలతను కుప్పంలో బడిలో చదువు చెప్పే ఒక అయ్యవారికిచ్చి పెళ్లి చేశారు.

తొంభై అయిదులో భర్త బాలప్ప పోయేదాకా చెంగమ్మ కలకడ దగ్గర పల్లెలో సేద్యం చేసింది. చెనక్కాయలు పీకేటప్పుడు కూలోళ్లను తెల్లారకముందే చేలోకి దించే మనిషి. బాలప్ప పోయేటప్పటికి బావి ఎండిపోయింది. చేను గుత్తకిచ్చేశారు. కర్మంతరం అయిన సాయంత్రం బిడ్డలు ముగ్గురూ కూర్చొని, అమ్మ నాలుగు నెలలకొకరి ఇంట్లో ఉండాలని మాట్లాడుకున్నారు. ఒక్క పొల్లు మాట రాలేదు. పైగా మా ఇంటికి ముందంటే మా ఇంటికి ముందని పోటీపడ్డారు. చెంగమ్మ వంటింట్లో కూర్చొని అంతా వింది. ఆమెను అడగాలని వాళ్లకు తోచలేదు, చెప్పాలని ఆమెకూ తోచలేదు.

మదనపల్లెలో పెద్దకోడలు పార్వతమ్మ అత్తను పువ్వులా చూసుకొనేది. చీపురు ముట్టుకుంటే లాక్కొనేది. "నువ్వు కూర్చో అత్తా, నేనుండా గదా" అనేది. టీవీ ముందర కుర్చీ వేసి, టైముకు ఇడ్లీ, టైముకు అన్నం చేతికిచ్చేది. పుంగనూరులో మునిరత్నానికి బీపీ అంటే భయం. ఆ ఇంట్లో ఉప్పు లేని కూర, మీగడ లేని మజ్జిగ. కుప్పంలో స్వర్ణలత అమ్మను గడప దాటనిచ్చేది కాదు, వీధిలో ఆటోలు ఎక్కువని. వంతు మారే రోజుకు ఎవరో ఒకరు జీపు మాట్లాడుకొని వచ్చేవాళ్లు. కోడలో కూతురో బ్యాగు సర్ది పెట్టేవాళ్లు. ఏ చీర పెట్టారో కూడా చెంగమ్మకు తెలిసేది కాదు.

మూడేళ్లలో మనిషి సగమైపోయింది. రాత్రి నిద్ర పట్టేది కాదు. కుర్చీలోనుంచి లేస్తే కళ్లు తిరిగేవి. అన్నం ముందర కూర్చుంటే నాలుగు మెతుకులు కూడా లోపలికి పొయ్యేవి కాదు. ఊరు మారినప్పుడల్లా డాక్టరు మారేవాడు, డాక్టరు మారినప్పుడల్లా ఒక మాత్ర పెరిగేది.

తొంభై ఎనిమిది డిసెంబరులో ఆమె పుంగనూరులో ఉంది. నెలాఖరుకు మదనపల్లె పోవాల. ఒకరోజు మునిరత్నం ఫోనులో అన్నతో మాట్లాడుతున్నాడు. "మీ ఇంటికి సున్నం కొట్టిస్తాండారు గదన్నా. ఇంకొక వారం మేమే పెట్టుకుంటాంలే. మళ్లీసారి సర్దుకుందాం." ప్రేమగానే అన్నాడు. కానీ చెంగమ్మకు అన్నదమ్ములిద్దరూ కలిసి కొనుక్కున్న నీళ్ల మోటారు గురించి మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది.

మరుసటి రోజు పొద్దున వీధిలో ఒకామె అనపకాయల గంప పెట్టుకొని పోయింది. మంచుకు తడిసిన కాయల వాసన లోపలిదాకా వచ్చింది. చెంగమ్మకు ఎన్నో రోజుల తర్వాత నోరూరింది. చిన్నకోడలు "గ్యాసు పడుతుంది, వద్దత్తా" అనింది. చెంగమ్మ ఎదురు చెప్పలేదు. లోపలికి పోయి, తనకు ఇష్టమైన రెండు చీరలు, మాత్రల డబ్బా బ్యాగులో వేసుకొని, నేరుగా కొడుకు అంగడికి నడిచింది.

"అప్పా, నేను కుప్పం పోతాండా. అక్క ఇంట్లో అనపగింజల పితుకుపప్పు చేసుకొని తినాల."

మునిరత్నం గుడ్డ కొలుస్తా నవ్వినాడు. "ఆదివారం జీపు మాట్లాడతాలేమ్మా."

"ఆదివారం కాదు, ఇప్పుడే. బస్సుకే."

"దావలో కళ్లు తిరిగితే?"

"మీ కుర్చీలో కూర్చోనుంటే కూడా తిరగతాండాయి గదప్పా. బస్సులో అయితే పక్కన నలుగురు ఉంటారు."

మునిరత్నం గుడ్డ పక్కన పెట్టి లేచాడు. బస్టాండుకు తోడొచ్చి, తానూ బస్సెక్కి కూర్చున్నాడు. చెంగమ్మ అతన్ని దించేదాకా ఊరుకోలేదు. కండక్టరు నవ్వుకుంటా రైటన్నాడు.

బస్సు కదిలాక ఆమెకు గుండె దడదడలాడింది. ఒంటరిగా ఇంత దూరం ఎప్పుడూ పోలేదు. పలమనేరులో దిగి, పూలమ్మే ఆమెను అడిగి కుప్పం బస్సు పట్టుకొనింది. వి.కోట దాటేసరికి దడ తగ్గి ఆకలి మొదలైంది.

కుప్పంలో స్వర్ణలత వీధి మొగదాల కాచుకొని ఉంది. తమ్ముడు అప్పటికే ఫోను చేసేశాడు. తిట్టాలని వచ్చిన కూతురు, తల్లి మొహంలో వెలుగు చూసి ఊరుకుంది. ఇంటికి పోయే దావలోనే చెంగమ్మ అనపకాయలు బేరమాడి కొనింది. గింజలు నానబెట్టి, తానే ఒక్కొక్కటీ పితికింది. తానే సంగటి కెలికింది. కడుపునిండా తిని పడుకుంటే మళ్లా తెల్లారినాకే మెలకువ వచ్చింది.

ఆదివారం కొడుకులిద్దరూ కుప్పానికి దిగారు. దాసప్ప మొహం చిన్నబోయింది.

"మేమేమన్నా తక్కువ చేసినామా అమ్మా?" అన్నాడు.

"లేదు నాయనా, ఎక్కువ చేసినారు. నాకు చేసుకొనేదానికి ఏమీ మిగల్చలేదు." చెంగమ్మ నెమ్మదిగానే చెప్పింది. "ఇంక నాకు వంతులు వద్దు. ఎప్పుడు యాడ ఉండాలనిపిస్తే ఆడికి వస్తా. నా సంగటి నేను చేసుకుంటా. పొద్దున నడిచి వస్తా. మాత్రలు మానను, కానీ ఒకే డాక్టరు దగ్గరికి పోతా. ఆయన్ను కూడా నేనే ఎంచుకుంటా."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అల్లుడు అయ్యవారు మాత్రం మెల్లగా, "ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది?" అన్నాడు.

అట్లా వంతులు ఆగిపోయాయి. ఎండాకాలం చల్లగా ఉంటుందని మదనపల్లె పోయేది. పొద్దున్నే మండీకి నడిచిపోయి, కొడుకు పక్కన నిలబడి కాయను నొక్కి చూసి రైతులతో వానల గురించి మాట్లాడేది. పుంగనూరుకు జాతర ముందర పోయేది. కుప్పానికి చలికాలం తప్పనిసరి. పలమనేరు పూలామెతో స్నేహం కలిసింది. ఒక బస్సు వదిలేసి మాట్లాడుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఒంటికి కండ పట్టింది. ఆమె ఎంచుకున్న మదనపల్లె డాక్టరు బీపీ చూసి రెండు మాత్రలు తగ్గించాడు.

అన్నీ సజావుగా జరిగాయని కాదు. ఒకసారి కుప్పంలో పనసతొనలు అడ్డూ ఆపూ లేకుండా తిని రెండు రోజులు పడకేసింది. "నా నోరు, నా కడుపు, నా తప్పే" అని నవ్వింది. ఇంకోసారి వి.కోట బస్టాండులో నిజంగానే కళ్లు తిరిగాయి. బెంచీ మీద కూర్చొని, నిమ్మసోడా తాగి, తేరుకున్నాక తర్వాతి బస్సెక్కింది. ఆ సంగతి తానే ఫోను చేసి చెప్పింది. ఇంక ఒంటరిగా పోవద్దని మునిరత్నం పట్టుబట్టాడు. ఎండ తగ్గినాకే బయలుదేరుతానని ఆమె ఒప్పుకుంది, బస్సు మాత్రం మానలేదు.

రెండువేల మూడులో కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషను యాడ చేయించాలని బిడ్డలు వాదులాడుకున్నారు. ఆమె కుప్పం అనింది, అదీ అక్కడి గంగజాతర అయినాకే అనింది. ఎందుకని అడిగితే, "కట్టు కట్టుకొని జాతరకు పోతే ఏం కనిపిస్తుంది?" అనింది. డాక్టరును అడిగితే తొందరేమీ లేదన్నాడు. జాతర చూసి, ఆపరేషను చేయించుకొని, కట్టు విప్పిన రోజు కూతురి మొహం చూసి, "నీకూ తెల్లెంట్రుకలు వచ్చేసినాయే" అనింది.

ఆ ఏడు చలికాలం మదనపల్లెలో ఆమె బ్యాగు సర్దుకుంటుంటే పార్వతమ్మ వచ్చి పక్కన నిలబడింది. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా ఆ కోడలు తనంతట తాను ఊరికి బయలుదేరింది లేదు.

"అత్తా, నేనూ రానా?" అని మెల్లగా అడిగింది.

"నన్నెందుకమ్మా అడగతావు? నీకు రావాలనుంటే రా."

పార్వతమ్మ మండీకి ఫోను చేసి, నాలుగు రోజులు కుప్పం పోతాండానని మొగుడికి చెప్పింది. అన్నం సంగతి తాను చూసుకుంటానని దాసప్ప అన్నాడు. పలమనేరులో బస్సు దిగాక పార్వతమ్మ వేడి మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడిపోయింది. కుప్పం బస్సు హారను కొట్టింది. చెంగమ్మ కోడల్ని తొందర పెట్టలేదు. "ఇంకో బస్సు ఉండాదిలే, తిను" అని తానూ ఒక బజ్జీ అందుకుంది.